బోర్లా తిప్పి చూసే మనిషి

మిక్సీ ఆంటీ ఇక లేరన్న సంగతి నాకు బావగారి ఫోను ద్వారా తెలిసింది. అప్పుడే షాపు తాళం తీసి లైట్లు వేస్తున్నాను.

"తమ్ముడూ, అక్క ఇవాళ లేవలేదయ్యా" అన్నారు.

"ఒంట్లో బాలేదా బావగారూ?"

"అది కాదయ్యా. అసలు లేవలేదు."

అవతల ఎవరో ఇంగ్లీషులో ఆయన్ని ఏదో అడుగుతున్నారు. వాళ్లకు "యెస్, వైఫ్" అని జవాబు చెప్పి, మళ్లీ నాతో "నువ్వు షాపు కట్టేసి పరిగెత్తుకు రాకు. సాయంత్రం చర్చివాళ్లు వస్తారు, అప్పుడు రా" అని పెట్టేశారు. నేను మిగతా లైట్లు కూడా వేశాను. కాసేపటికి ఒకావిడ వచ్చి కుక్కర్ రబ్బరు అడిగితే, సైజు చూసి ఇచ్చాను. ఆవిడ వెళ్లిపోయాక గానీ కూర్చోవాలని తోచలేదు.

అమెరికాలో ఐసెలిన్ అనే ఊళ్లో ఓక్ ట్రీ రోడ్డు మీద వంటింటి సామాన్ల షాపులో పని చేస్తాను. రోజూ షాపు లెక్కలు రాస్తాను, అంతకు మించి రాసే అలవాటు లేదు. రిపేరు పని కూడా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పి చూస్తూ నేర్చుకున్నాను. చనిపోయినావిడతో నాకు చుట్టరికం ఏమీ లేదు. నేను అక్కా అనేవాణ్ణి. అందువల్ల ఆమె భర్త బావగారయ్యారు. షాపుకు వచ్చే పిల్లలు మిక్సీ ఆంటీ అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది.

ఈ పత్రిక చదివే మీలో కొందరి వంటింట్లో ఆమె చేతి వస్తువు ఉండే ఉంటుంది. వేగం పెంచే మీట పక్కనే ఎదురుగా ఎర్రటి చిన్న బటన్ ఉన్న మిక్సీ మీ దగ్గర ఉంటే, అది ఆమె గీసిందే. దాన్ని పడేయకండి. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. మిగతాదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆమె ఆదరణ కూటంలో, అంటే చర్చిలో పెట్టిన సంతాప సభలో, పెద్దలు మాట్లాడిన మాటలు విన్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆమె కృష్ణా జిల్లా మనిషి. మెషీన్ డిజైన్ చదువుకుని ఇక్కడికి వచ్చారు. అమెరికా కరెంటుకు సరిపోయే ఇండియన్ మిక్సీలు తయారు చేయించి అమ్మే ఒక కంపెనీలో డిజైనర్. కంపెనీ చిన్నదే, సరుకు తయారయ్యేది వేరే దేశంలో. యజమాని మన తెలుగాయనే. ఇద్దరూ వెళ్లేది ఒకే తెలుగు చర్చికి.

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు ఈ విషయాలేవీ నాకు తెలియవు. ఏదో గిన్నె కొనడానికి వచ్చి, బిల్లు వేసేలోపు తలుపు తీసి ఉన్న వెనక గదిలోకి తొంగి చూశారు. అక్కడ గోడ వారన కస్టమర్లు తిరిగిచ్చేసిన మిక్సీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అన్నిటికీ వైర్లు మొదట్లోకి తెగి ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటి తమ్ముడూ?"

"రిటర్న్‌లండి."

"వైర్లు ఎవరు కోశారు?"

"నేనేనండి. కోసి ఫొటో తీసి పంపమంటారు కంపెనీ వాళ్లు. ఫొటో చూసి బదులు కొత్తది పంపిస్తారు. పాతది వెనక్కి తెప్పించుకుంటే షిప్పింగే ఎక్కువట."

"కోయడం దేనికి?"

"మళ్లీ ఎవరూ వాడకుండా."

ఆమె గిన్నె కౌంటర్ మీద పెట్టి లోపలికి వెళ్లారు. ఒక మిక్సీ తీసి బోర్లా తిప్పారు. అడుగున ఒక మూలకి, వేలి కొన పట్టేంత బటన్ ఉంటుంది. మోటారు బాగా వేడెక్కితే అది టక్కున బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. చల్లారనిచ్చి మళ్లీ లోపలికి నొక్కితే మిక్సీ తిరుగుతుంది. ఆమె బొటనవేలితో నొక్కారు. టక్ మంది. ఇంకోటి తిప్పి నొక్కారు. అదీ టక్ మంది.

"వీటికి ఏ రోగమూ లేదయ్యా."

"తెలుసండి. కానీ తిరిగొచ్చింది అమ్మకూడదని రూల్."

"తెలుసా!" అని నా వైపు చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. "ఈ బటన్ అడుగున పెట్టింది నేనే. ఎదురుగా ఉంటే అందం చెడిపోతుందని ఆఫీసులో అంటే సరేనన్నాను. గీసింది నేను, కోయమన్నది మా ఆఫీసు. నువ్వు మధ్యలో కటింగ్ ప్లయర్‌వి, అంతేగా" అని, గిన్నె సంగతి మరిచిపోయి వెళ్లిపోయారు.

తర్వాతి శనివారం నుంచి రావడం మొదలుపెట్టారు. వెనక గదిలో స్టూలు వేసుకుని, తిరిగొచ్చిన ప్రతి మిక్సీనీ చేతిసంచిలోని స్క్రూడ్రైవర్‌తో విప్పి చూసేవారు. ఎందుకు ఆగిందో తెలిసేదాకా వదిలేవారు కాదు. ఆమె స్క్రూడ్రైవర్లను ఎయిర్‌పోర్టుల్లో లాక్కున్నారని బావగారు నవ్వుతూ చెప్పేవారు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా, చేతికందిన వస్తువును ముందు బోర్లా తిప్పి అడుగు చూడటం ఆమె అలవాటు. పిల్లల బొమ్మ, గడియారం, చివరికి పెళ్లిలో పంచిన కుంకుమ భరిణె కూడా. అడుగున స్క్రూలు కనిపిస్తే ముఖం విప్పారేది. జిగురు పెట్టి మూసేసి ఉంటే చప్పున కింద పెట్టేసేవారు.

"విప్పడానికి వీల్లేనిది నేను గీయనయ్యా" అని ఆ రోజుల్లో ఒకటికి పదిసార్లు అన్నారు.

టీ పేపర్ కప్పులో ఇస్తే తాగేవారు కాదు. అమ్మకానికి పెట్టిన వరసలోంచి ఒక స్టీలు గ్లాసు తీసుకుని, తాగి, కడిగి, తుడిచి, మళ్లీ అదే వరసలో పెట్టేవారు.

"అక్కా, అది కొత్త సరుకు."

"కొనుక్కున్నవాడు ఇంటికెళ్లి కడుక్కోడా ఏంటి? కడుక్కోనివాడికి అమ్మకు."

మిక్సీలు ఎందుకు ఆగుతున్నాయో ఆమె పట్టుకున్నది కూడా ఆ స్టూలు మీద కూర్చునే. ఇక్కడివాళ్లు ఎవరూ చేయని పని మనవాళ్లు చేస్తారు. మిరపకాయలు, పప్పులు, జీలకర్ర వేయించి, మూకుడు స్టవ్ మీద నుంచి దించీ దించగానే ఆ వేడి మీదే జార్‌లో పోసి కారప్పొడి కొడతారు. కొంచెం కాదు, నెలలకు సరిపడా, ఎక్కడో దూరాన ఫ్రిస్కోలో ఉన్న ఆడపడుచుకు పార్సిల్ చేయడానికి కూడా కలిపి కొడతారు. మోటారుకు కింద సొంత వేడి, పైన కారప్పొడి వేడి. బటన్ తన్నుతుంది. మిక్సీ కాలిపోయిందనుకుని షాపుకు తెస్తారు.

ఒక శనివారం ఒక అమ్మాయి మిక్సీని చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇది పోయిందండీ. రిటర్న్ చేయాలి."

అక్క వెనక గదిలోంచే కేకేశారు. "ఏం కొట్టావమ్మా?"

"కరివేపాకు కారం ఆంటీ."

"వేయించిన వెంటనే కొట్టావా?"

"వేడి మీద కొడితేనే కదా ఆంటీ వాసన బావుంటుంది."

"ఆ వచ్చిన వాసన కరివేపాకుది కాదు తల్లీ, మా మోటారుది. ఇటు తే."

బటన్ నొక్కి ప్లగ్గు పెట్టి తిప్పి చూపించారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "అయ్యో, పోయిన సంవత్సరం ఇలాగే ఆగిపోతే చెత్తలో పడేశాం ఆంటీ. మా అత్తగారు కొనిచ్చింది" అంది. అక్క వైరు చుట్టి మిక్సీ ఇచ్చేశారు. ఆ అమ్మాయి వెళ్లాక "చెడిపోవడం వేరు, ఆగడం వేరు. ఆ తేడా వంటింట్లో మనిషికి కనిపించేలా నేను గీయలేదు. ఆ పిల్ల తప్పు కాదు" అన్నారు.

ఆ తర్వాతే ఎర్ర బటన్ ముందుకు వచ్చింది. ఆఫీసులో ఆమె దాని కోసం చాలా గొడవ పడ్డారని బావగారు చెప్పారు. ఎదురుగా ఎరుపు రంగు చూస్తే ఏదో లోపం ఉందనుకుని కస్టమర్లు కొనరని అక్కడివాళ్ల వాదన. కొన్నవాళ్లు పడేయకుండా ఉంటారని ఈమె వాదన. చివరికి ఈమె మాటే నెగ్గింది. బటన్ కింద "ఆగితే చల్లారాక నొక్కండి" అని తెలుగులోనూ ఇంకా నాలుగు భాషల్లోనూ చిన్న అక్షరాలు పోయించారు. అడుగున నాలుగు స్క్రూలు, ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్‌తో వచ్చేవి. జార్ కింద అరిగిపోయే ప్లాస్టిక్ చక్రం విడిగా దొరికేలా చేశారు. నా వెనక గది ఖాళీ అయింది. శనివారాలు ఆమె వచ్చి కూర్చోవడానికి పని ఉండేది కాదు. అయినా వచ్చి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లేవారు. ఆమె సంతోషంగా ఉండగా నేను చూసిన కాలం అదొక్కటే.

ఆమెకు జవాబు దొరకని ప్రశ్న ఒకసారి ఒక ఎమ్మెస్ కుర్రాడు వేశాడు. అపార్ట్‌మెంట్‌లో చెత్త వేసే డంప్‌స్టర్ పక్కన పెట్టేసిన మిక్సీని ఈమె చూసి, ఎవరిదో కనుక్కుని, వాణ్ణి షాపుకు పిలిపించి చివాట్లు మొదలుపెట్టారు.

"చక్రం ఒక్కటే అరిగిందిరా. దానికి మిక్సీ మొత్తం పడేస్తావా?"

"ఆంటీ, ఓపీటీ క్లాక్ నడుస్తోంది, గడువులో జాబ్ రాకుంటే ఇండియాకు పోవాలె, జాబ్ లేదు. కార్ లేదు. ఇక్కడికి ఊబర్‌లో వచ్చి పోతే కొత్త మిక్సీలో సగం అయితది. ఆర్డర్ చేస్తే రేపు పొద్దున డోర్ ముందు ఉంటది. మీరే చెప్పండి, ఏం చేయాలె?"

ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశారు. "నువ్వు చెప్పింది నిజమేరా. అదే నా ఏడుపు" అని, చక్రం తనే వేసి, మిక్సీ వాడి చేతికిచ్చి, తన కారులో దింపి వచ్చారు.

కంపెనీ యజమాని ఆమెతో కలిసి ఒకే ఒక్కసారి మా షాపుకు వచ్చారు. చెడ్డ మనిషి కాదు. మర్యాదగా మాట్లాడతారు, చర్చికి ధారాళంగా ఇస్తారు. ఆ రోజు ఖాళీగా ఉన్న వెనక గదిని ఆమె గర్వంగా చూపించారు. ఆయన చూసి తల పట్టుకున్నారు.

"మేడమ్, మీ మిక్సీ చావట్లేదు. నేను చస్తున్నాను."

"చావకపోతే అమ్ముకోలేరా?"

"ఒక్కసారే అమ్ముకోగలను మేడమ్. ఆ తర్వాత ఆ ఇంటికి నేను పనికిరాను."

"అయితే జార్లు అమ్మండి. చక్రాలు అమ్మండి. నేను గీస్తాను."

"చక్రాలు అమ్మి జీతాలు ఇవ్వలేనమ్మా." ఆ చివరి మాటలో మేడమ్ పోయి అమ్మా వచ్చింది. అప్పుడే నాకు భయం వేసింది. తర్వాత ఆయన నా వైపు తిరిగి "ఏం బాబూ, ఈమధ్య ఎన్ని అమ్మావు?" అని అడిగారు. తగ్గాయని చెప్పాను. అబద్ధం చెప్పాల్సిందని ఆమె తర్వాత నవ్వుతూ దెప్పారు, కానీ అబద్ధం చెప్పినా ఆయనకు తెలిసిన లెక్కే అది.

ఆ ఏడాదే బావగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారంలో సగం రోజులు డయాలసిస్. ఇన్సూరెన్సు ఆమె ఉద్యోగం మీద నడుస్తోంది. కొన్ని వారాలు ఆమె షాపుకు రాలేదు. వచ్చిన రోజు స్టూలు మీద కూర్చోలేదు. సామాన్ల వరసల మధ్య అటూ ఇటూ తిరిగి, ఒక గరిటె తీసి, పెట్టి, నా ముందు నిలబడ్డారు.

"గీశాను తమ్ముడూ."

"ఏంటక్కా?"

"కొత్త మోడల్. అడుగు జిగురుతో మూత. స్క్రూల్లేవు. లోపల ఫ్యూజు ఒకటి, అదీ జిగురులోనే. ఒక్కసారి వేడెక్కితే ఫ్యూజు పోతుంది, అంతటితో సరి. నేనే గీశాను. పొద్దున పంపించేశాను."

టీ పెట్టమంటారా అని అడిగాను. వద్దన్నారు.

"బటన్ ఒక్కటి ఉంచమని కాళ్లావేళ్లా పడ్డాను. మూత మీరు మూసుకోండి, బటన్ ఉంచండి, ముందు బటనే తన్నుతుంది, ఫ్యూజు దాకా పోదన్నాను. సరేనన్నారు. దాని చోటు దానికి గీశాను. అదొక్కటి మిగిలింది."

ఆమె ఆ మాట చెప్పిన తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెద్ద ఆస్తి పోయి, ఏదో చిన్న గది దక్కినవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడారు.

కొత్త మోడల్ సరుకు షాపుకు వచ్చినప్పుడు నేనే ఫోను చేశాను. వచ్చి పెట్టె విప్పారు. మిక్సీ తళతళలాడుతోంది, చేత్తో పట్టుకుంటే బాగుంది. ముందు భాగంలో, బటన్ ఉండాల్సిన చోట, చిన్న గుండ్రటి గుంట ఉంది. అచ్చు ఆమె గీసిన ప్రకారమే పోశారు. కానీ గుంటలో బటన్ లేదు. కంపెనీ గుర్తు ఉన్న వెండిరంగు స్టిక్కర్ దాని మీద అంటించారు. ఆమె ఆ స్టిక్కర్‌ను వేలితో నొక్కారు. అది మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది. ఇంకోసారి నొక్కారు.

"ఎంత మిగిలిందంటావు, ఒక బటన్ తీసేస్తే?" అని నన్నడిగారు. నాకు తెలియదన్నాను. ఎంతో కొంత మిగిలే ఉంటుంది. లేకపోతే తీయరు.

కొన్నాళ్లకే ఆమె ఉద్యోగం తీసేశారు. కొత్త మోడల్ అయిపోయింది కాబట్టి డిజైనర్‌తో పనిలేదు. మీటింగ్ అని వీడియో కాల్‌లోకి పిలిచి, థాంక్యూ చెప్పి, కాల్ అయ్యేలోపు ఈమెయిలు మూసేశారట. "ఇన్సూరెన్సు కోసం గీశానా, గీశాక ఇన్సూరెన్సూ పోయింది. పోనీ గీయకుండా పోగొట్టుకున్నా బావుండేదయ్యా" అన్నారు. తర్వాత ఒక ఫార్మసీలో కౌంటర్ మీద చేరారు. పొద్దంతా నిలబడే పని. బావగారి డయాలసిస్‌కు ఎలాగో ఒకలా దారి దొరికింది. ఆమె మళ్లీ ఎక్కడా ఏమీ గీయలేదు.

షాపుకు అప్పుడప్పుడూ వచ్చేవారు. వెనక గది మళ్లీ నిండింది, నేను మళ్లీ వైర్లు కోస్తున్నాను. ఆమె అటువైపు వెళ్లేవారు కాదు. కౌంటర్ దగ్గరే నిలబడి కొత్తగా వచ్చిన సామాను చూసేవారు, కానీ ఏదీ తిప్పి చూసేవారు కాదు. ఒకసారి నేనే ఒక కొత్త స్టవ్‌ను బోర్లా తిప్పి, "అక్కా, దీనికి స్క్రూలున్నాయి చూశారా" అన్నాను. "నువ్వు చూశావుగా, చాలు" అన్నారు. ఆ మాట నన్ను బాధించింది. ఆమె ఉద్యోగం పోయినందుకు కూడా నేను అంత బాధపడలేదు.

ఆదరణ కూటం చర్చి హాల్లో జరిగింది. నేను ఆ సంఘం మనిషిని కాకపోయినా, బావగారు ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాటలు పాడారు. పాస్టర్‌గారు మంచి మాటలు చెప్పారు. తర్వాత యజమాని లేచారు. కళ్లు తుడుచుకున్నారు, అది నటన అనుకోను. "మా కంపెనీకి ఆమె తల్లిలాంటిది. ప్రతి ఇంట్లో ఆమె చేతి పని ఉంది. నాణ్యత అంటే ఆమె, మన్నిక అంటే ఆమె" అన్నారు. బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది.

ఆ తర్వాత ఆయన ఒక పెట్టె తెప్పించారు. చర్చి వంటింటికి, ఆమె జ్ఞాపకార్థం, కొత్త మిక్సీ. ముందు భాగంలో ఇత్తడి రంగు రేకు మీద ఆమె పేరు చెక్కించారు. వస్తువు మీద గీసిన మనిషి పేరు ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రేకు వెండి స్టిక్కర్‌కు సరిగ్గా కింద ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె గీసిందే, ఆమె పేరే. అందులో అబద్ధం లేదు. అందుకే లేచి ఏమీ అనలేకపోయాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టరమ్మగారు ఫోను చేశారు.

"వందనాలు బ్రదర్. ఇవాళ చర్చిలో ప్రేమ విందు ఉంది, సంఘమంతటికీ ఇక్కడే భోజనం. మిక్సీ ఆగిపోయింది. మీరొకసారి వస్తారా, దగ్గరే కదా?"

వెళ్లాను. వంటింట్లో ఆరేడుగురు ఆడవాళ్లు దాని చుట్టూ నిలబడి ఉన్నారు. జార్ నిండా సగం నలిగిన కారప్పొడి, ఇంకా ఆవిరి వస్తోంది. ఒకావిడ వెండి స్టిక్కర్‌ను బొటనవేలితో నొక్కుతోంది. "మా ఇంట్లో పాతదానికి ఇక్కడే నొక్కితే తిరుగుతుంది బ్రదర్. ఆంటీ చూపించారు నాకు. దీనికి ఎంత నొక్కినా రావట్లేదు" అంది. ఇంకొకావిడ "గట్టిగా నొక్కు" అంటోంది. పక్కావిడ తనే ముందుకొచ్చి నొక్కింది. బావగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

నేను మిక్సీని బోర్లా తిప్పాను. నున్నటి అడుగు. ఇది తెరవడానికి రాదని, కోస్తే పగులుతుందని చెప్పాను. పాస్టరమ్మగారు యజమానికి ఫోను కలిపి స్పీకర్ పెట్టారు.

"అయ్యో, దానికేముందమ్మా, రేపటికి కొత్తది వచ్చేస్తుంది. పేరు రేకు కూడా వేయిస్తాను. అక్కడ షాపు తమ్ముడున్నాడా? బాబూ, వైరు కోసి ఒక ఫొటో పెట్టెయ్. సిస్టమ్‌లో ఎక్కించాలి."

ఆ మాటలో తప్పేమిటో ఆ గదిలో సగం మందికి తెలియదు. కటింగ్ ప్లయర్ నా జేబులోనే ఉంది. నేను బావగారి వైపు చూశాను.

ఆయన మెల్లగా వచ్చి ప్లగ్గు తీసి, వైరును చేతికి చుట్టుకున్నారు. "వైరు ముట్టుకోకు తమ్ముడూ. పేరు మాత్రం ఊడదీసి ఇవ్వు, మిగతాది వాళ్లిష్టం" అన్నారు.

కూరలు తరిగే కత్తి తీసుకుని రేకు అంచు కింద పెట్టాను. కదల్లేదు. వేడినీళ్ల గుడ్డ వేసి చూశాను. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే రేకు మూల వంగింది గానీ ఊడలేదు. చాలా మంచి జిగురు. ఇంకా లాగితే పేరు మధ్యకు విరిగేలా ఉంది.

"చాల్లే" అన్నారు బావగారు.

మిక్సీని రెండు చేతులతో ఎత్తుకుని బయటికి నడిచారు. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి, బరువు ఎత్తకూడదు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. పార్కింగ్ లాట్‌లో కారు తలుపు ఒక్కటి మాత్రం నన్ను తీయనిచ్చారు. వెనక సీటు తీయబోతే, "ముందుది" అన్నారు. ముందు సీట్లో దాన్ని నిలబెట్టి, అటు తిరిగి వచ్చి కూర్చుని, కారు స్టార్ట్ చేశారు.

కారు బీప్ బీప్ మని మోగడం మొదలుపెట్టింది. పక్క సీట్లో బరువు ఉంది, బెల్టు లేదు. ఆయన కాసేపు ఆ మోత వింటూ, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ ఉండిపోయారు. తర్వాత అటు వంగి బెల్టు లాగి, పేరు కనిపించేలా రేకు పైనుంచి తప్పించి, మిక్సీ చుట్టూ తిప్పి పెట్టారు. మోత ఆగింది. కిటికీ అద్దం పైకెత్తి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా రోడ్డు మీదికి పోనిచ్చారు.